చలించే లక్ష్యం

ముండకోపనిషత్తు ప్రణవాన్ని ధనుస్సుగా, ఆత్మను శరంగా, బ్రహ్మాన్ని లక్ష్యంగా నిరూపించింది. అక్కడ లక్ష్యం అచలం. చలించేది సాధకుని చిత్తం మాత్రమే. గోదావరీ తీరాన ఒక అగ్రహారంలో అర్ధశతాబ్దికి పైగా కృష్ణయజుర్వేదం సంత చెప్పిన ఒక ఘనపాఠిగారికి, 79వ ఏట, ఇందుకు విపరీతమైన ధనుర్విద్యతో పరిచయం కలిగింది.

మొదట మూత్రంలో రక్తం కనిపించింది. నొప్పి లేదు. నొప్పి లేనందువల్లనే నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆయనను బాధించినది రోగభయం కాదు, అశౌచశంక. మంటపంలోకి రావడం మాని, ధ్వజస్తంభం వద్దనే నమస్కరించి మరలిపోయేవారు. అడిగితే మోకాళ్ల నొప్పులనేవారు. మూత్రాశయ క్యాన్సర్ తరచుగా ఇలా నిర్బాధంగా, రక్తరూపంలోనే తొలుత వ్యక్తమవుతుంది. ఆచారవంతులు దీనిని దాచుకోవడం శౌచం కాదు, ప్రమాదం.

సుశ్రుతుడు వస్తిని సద్యఃప్రాణహర మర్మాలలో పరిగణించాడు. ఆ మర్మంలోనే, కండర పొరలోకి వ్యాపించిన గడ్డ ఉన్నదని సిస్టోస్కోపీలో, ముక్క పరీక్షలో తేలింది. ఇట్టి దశలో మూత్రాశయాన్ని పూర్తిగా తొలగించడం ప్రసిద్ధమైన శస్త్రచికిత్స. కానీ హృదయం దుర్బలం. మత్తు వైద్యుడు అంగీకరించలేదు. మూత్రపిండాలు కూడా క్షీణించినందున కీమోథెరపీ మాట రాలేదు. మిగిలినది కిరణ చికిత్స.

“విడిచిన బాణం మరలిరాదు. ప్రారబ్ధం అనుభవించవలసినదే” అని ఆయన ఇంటికి వచ్చేశారు. కుమారుడు వాదించి అలసిపోయాడు. యౌవనంలో ఇరవై ఏళ్లు చుట్ట కాల్చిన సంగతి ఆయనే చెప్పేవారు. ఈ వ్యాధికి పొగాకు పొగ ప్రధాన కారణమని వైద్యులు చెప్పినపుడు తల దించుకున్నారు. కనిపించే కారణాన్ని వదలి అంతా పూర్వజన్మపై వేయడం ప్రారబ్ధవాదం కాదని ఆయనకు ఒకరు చెప్పనవసరం లేదు. చివరకు శిష్యుడు, పదిహేడేళ్ల పిల్లవాడు, మెల్లగా అన్నాడు: “గురువుగారూ, నాకు ఆరణ్యకం పూర్తి చేయడం కూడా మీ ప్రారబ్ధంలోనిదే అయితే?” ఆ రాత్రి ఆయన మాట్లాడలేదు. తెల్లవారి, కారు మాట్లాడమని కుమారునితో అన్నారు.

వైద్యురాలు దాపరికం లేకుండా చెప్పింది. ఇది నిర్మూలనకు హామీ కాదు. రక్తస్రావాన్ని ఆపి, గడ్డను అదుపులో ఉంచే ప్రయత్నం. వారానికొకమారు 6 గ్రేల చొప్పున ఆరు వారాలు, మొత్తం 36 గ్రేలు. శస్త్రచికిత్సకు గాని, ప్రతిదినం జరిగే సంపూర్ణ కిరణ చికిత్సకు గాని తగని రోగులలో ఈ విధానాన్ని బ్రిటన్‌లో హైబ్రిడ్ అనే అధ్యయనం పరీక్షించింది.

అసలు విశేషం లక్ష్యంలో ఉంది. మూత్రాశయం తోలుతిత్తి వంటిది. ఖాళీ చేసి వచ్చినా నిమిషాలలో కొంత నిండుతుంది. వెనుకనున్న మలాశయం ఉబ్బితే ముందుకు జరుగుతుంది. నిన్నటి చిత్రాన్ని నమ్మి నేడు కిరణం విడిస్తే గడ్డ తప్పిపోవచ్చు, ప్రేగు కాలవచ్చు. అందుకే చిన్నది, మధ్యమం, పెద్దది అని మూడు ప్రణాళికలు ముందే సిద్ధం చేస్తారు. రోగి బల్లపై పడుకొన్న తరువాత కోన్ బీమ్ సీటీ తీసి, ఆ క్షణాన మూత్రాశయం ఏ పరిమాణంలో ఉన్నదో చూసి, తగిన దానిని ఎన్నుకొంటారు. ముందుగా చూడటం, తరువాతనే సంధానం.

గుర్తుకోసం నడుము వద్ద మూడు పచ్చబొట్టు చుక్కలు పెట్టారు. ఆయన మొదట సంకోచించి, పిదప “స్మార్తునికి ముద్రాధారణ ఈ వయసులో ప్రాప్తించింది” అని శిష్యునితో నవ్వారట. జంధ్యం తీయనవసరం లేదన్నారు. మొలతాడు వెండి బిళ్ల మాత్రం తీయించారు. వేళ్లపై లెక్కించరాదు, కదలరాదు; అందువల్ల గాయత్రి మానసికంగానే సాగింది. యంత్రం చుట్టూ తిరిగేది. స్పర్శ లేదు, వేడి లేదు.

నాలుగవ వారానికి మూత్రంలో మంట, మాటిమాటికీ లేవడం, విరేచనాలు, గాఢమైన అలసట. ఇవి రావచ్చని ముందే చెప్పారు గనుక ఎవరూ బెదరలేదు. చికిత్స ముగిసిన మూడు నెలలకు మరల సిస్టోస్కోపీ చేశారు. రక్తం ఆగింది, గడ్డ చిన్నదై, మచ్చవలె కనిపించింది. మరల మూడు నెలలకు రమ్మన్నారు.

ఇప్పుడు ఆయన మంటపంలోనే కూర్చొంటున్నారు. రెండు పన్నాలు చెప్పేలోగా ఒకమారు లేచి వెళతారు. కాళ్లు కడుగుకొని, ఆచమించి, వచ్చి, విడిచిన స్వరం దగ్గరనుండే అందుకొంటారు. ఆరణ్యకంలో ఇంకా నాలుగు ప్రశ్నలు ఉన్నాయి.