సైకిలు పాతదైనా కొలత మీదై ఉండాలి

పాత రేసు సైకిళ్ళ ఉక్కు ఫ్రేములు కొని, విడిభాగాలు బిగించి, మళ్ళీ అమ్మడం నా వ్యాపకం. వచ్చినవారు ముందు రంగు చూస్తారు, తరువాత ధర అడుగుతారు. నేను మాత్రం వారి కాళ్ళ పొడవు చూస్తాను. ఎందుకంటారా? నొప్పులు పడవలసింది వారి మోకాళ్ళే కదా!

సీటు మరీ కిందికుంటే మోకాలి ముందు భాగం నొప్పి పెడుతుంది. మరీ ఎత్తయితే నడుము అటూ ఇటూ ఊగి, మోకాలి వెనుక లాగుతుంది. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడలును పూర్తిగా కిందికి దింపి దానిపై మడమ ఆనించండి. కాలు తిన్నగా సాగితే ఎత్తు ఇంచుమించు సరిపోయినట్టే. తొక్కేటప్పుడు మాత్రం పాదం ముందు భాగం పెడలుపై ఉండాలి.

సీటును సవరించుకోవచ్చు; ఫ్రేము పొడవును మార్చలేము. హ్యాండిలు అందుకోవడానికి బాగా వంగవలసి వస్తే మెడ పట్టేస్తుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. అట్టి సైకిలు చౌకగా వచ్చినా తీసుకోకండి. నచ్చిందని పట్టుబట్టిన వారిని కూడా నేను ఉత్త చేతులతో పంపిస్తుంటాను.

ఉక్కుకు మన్నిక ఎక్కువ. బర్మింగ్‌హామ్‌లో 1935లో వచ్చిన రేనాల్డ్స్ 531 గొట్టాల పాత ఫ్రేములను నేటికీ తొక్కేవారున్నారు. కాని దేనికైనా గుద్దుకున్న ఫ్రేము సంగతి వేరు. హ్యాండిలు కింద గొట్టాలు కలిసేచోట, అడుగువైపు వేలితో తడమండి. ముడతగాని పగులుగాని తగిలితే కొత్త రంగుకు మోసపోవద్దు. పరుగులో అది విరిగితే ముఖం నేలకు తగులుతుంది.

సీటు సరిచేశాక కూడా మోకాలి నొప్పి తగ్గకపోతే తొక్కడం ఆపి డాక్టరుకు చూపించుకోండి.