పెరట్లో రెక్కల పాడి

మా తెలుగు సంఘం పాట్‌లక్‌లో ఎవరు ఎదురుపడినా ఒకటే ప్రశ్న: "తేనె ఎప్పుడిస్తున్నావు?" రాలీ పక్కన కేరీలో మా ఇంటి వెనక రెండు తేనెపెట్టెలు పెట్టానని తెలిసినప్పటి నుంచీ ఇదే వరస. మొదటి ఏడాది తేనె మనది కాదంటే నమ్మరు. పిసినారి అనుకుంటారు.

కొత్త పెట్టెలో మైనపు గదులు కట్టుకోవడానికే ఈగలు ఆ ఏటి సంపాదనలో చాలా భాగం ఖర్చు పెట్టేస్తాయి. మా నార్త్ కరోలైనా నడిమి జిల్లాల్లో పూల రాబడి గట్టిగా రెండు నెలలుండదు. ఏప్రిల్ మధ్యలో ట్యూలిప్ పాప్లర్ చెట్లతో, బ్లాక్‌బెర్రీ పొదలతో మొదలై జూన్ మొదటి వారాలకల్లా అయిపోతుంది. ఆ తర్వాత ఎండాకాలమంతా కరువే. చలికాలానికి ఒక్కో పెట్టెలో నలభై పౌన్ల దాకా తేనె వాటికే వదలాలి. ఇంక పంచిపెట్టేదేముంది?

ఆఫీసులో మాత్రం వేరే రకం మెచ్చుకోళ్లు: "తేనెటీగల్ని కాపాడుతున్నావు!" ఇవి ఈ నేల ప్రాణులే కావు. 1622లో ఇంగ్లండు నుంచి ఓడల్లో వర్జీనియా చేరిన పెంపుడు జాతి. (వలసొచ్చినవాళ్లం గనక అవీ మనమూ ఒకటేనని ఇక్కడో కవిత అల్లవచ్చు. అల్లను.) ఇక్కడి సొంత ఈగలకి కావలసింది నా పెట్టె కాదు, ఈ ప్రాంతపు పూలమొక్కలూ, కొయ్యకుండా వదిలేసిన కాస్త గడ్డీ.

ఇవి సాకవలసిన పెంపుడు ప్రాణులన్న సంగతి ఎవరూ చెప్పకుండానే పట్టేసింది మా అమ్మ. తెనాలి దగ్గర పల్లెలో ఏళ్ల తరబడి గేదెల్ని సాకిన మనిషి. ఆరునెలలుందామని వచ్చి, పెట్టెల చుట్టూ ఓసారి తిరిగి, "నీళ్లెక్కడ పెట్టావురా?" అంది. సరిగ్గా అదే మొదటి పని. ఈగలు రాకముందే పళ్లెంలో గులకరాళ్లు పోసి నీళ్లు పెట్టకపోతే అవి పక్కింటి ఈతకొలనుకి అలవాటు పడతాయి, తర్వాత మళ్లించలేం.

ఇక్కడ కౌంటీల్లో తేనెటీగల పెంపకందార్ల సంఘాలు చలికాలంలో కొత్తవాళ్లకి క్లాసులు పెడతాయి. వాటికి వెళ్లాలి, ఈగలకీ అప్పుడే ఆర్డరివ్వాలి. వసంతం దాకా ఆగితే దొరకడం కష్టం. రాణితో, పిల్లలతో సహా మైనపు గదులు కట్టిన ఐదు చట్రాల చిన్న కాపురంగా అమ్ముతారు. రాష్ట్ర చట్టం ప్రకారం ఊరి నిబంధనలు ఇంటికి ఐదు పెట్టెల దాకా అడ్డు చెప్పకూడదు. కాలనీ సంఘం కాగితాలు వేరు, అవి ముందే చదువుకోవాలి. పెట్టె 1852లో లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరు పేటెంటు పుచ్చుకున్న నమూనాయే ఇప్పటికీ. చట్రాల మధ్య అంగుళంలో మూడెనిమిదో వంతు సందు వదలడంలో ఉంది ఆయన తెలివంతా. అంతకంటే ఇరుకైతే ఈగలు బంకతో పూడుస్తాయి, వెడల్పైతే అక్కడా పట్టు పెడతాయి.

పెట్టె తెరిచే రోజు అమ్మ అరటిపండు తినమంటే వద్దంటాను. ఈగ కుట్టినప్పుడు తోటివాటికి హెచ్చరికగా వదిలే వాసనలో అరటిపండుకి ఆ ఘుమఘుమనిచ్చే పదార్థమే ఉంటుంది. పొగడబ్బాలో ఎండు పైన్ ఆకులు కూరి పొగ పెడితే ఆ హెచ్చరిక వాటికి అందదు. చట్రం ఎత్తి, సూర్యుణ్ణి భుజం వెనక ఉంచుకుని వంచి చూస్తే, గది అడుగున తెల్లగా, సన్నగా, నిటారుగా గుడ్డు. రాణి కనబడకపోయినా ఫరవాలేదు, మూడు రోజుల కిందటి దాకా ఉన్నట్టే లెక్క.

అసలు పని మాత్రం పురుగుల లెక్క. వరోవా అనే ఎర్రటి నల్లి, వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు, ఈగల పిల్లల గదుల్లో దూరి సంతానం పెంచుతుంది. ఆసియా తేనెటీగలతో ఎప్పటి నుంచో బతుకుతున్నదే. ఈ యూరప్ జాతికి దాన్ని కాచుకోవడం అంతగా చేతకాదు. అమెరికాలో 1987లో బయటపడింది. అరకప్పు ఈగల్ని, అంటే సుమారు మూడువందలు, ఆల్కహాల్‌లో కడిగి రాలిన నల్లుల్ని లెక్కపెట్టడం కచ్చితమైన పద్ధతి.

"మూడువందలు చంపుతావుట్రా?" అంది అమ్మ.

అందుకని మా ఇంట్లో పంచదార పొడి. జల్లెడ మూత ఉన్న సీసాలో ఈగల మీద పొడి చల్లి, దొర్లించి, కాసేపాగి తెల్లకాగితం మీద కుదిపితే నల్లులు రాలతాయి. ఈగలు తెల్లగా ముస్తాబై పెట్టెలోకి పోతాయి. అమ్మ కళ్లజోడు సవరించుకుని కాగితం మీద వేలితో లెక్కపెట్టింది. "గేదెకి గోమార్లు తీసినట్టే. వదిలేస్తే రక్తం ఉండదు." లెక్క కాస్త తక్కువొస్తుందని తెలిసే ఈ పద్ధతికి ఒప్పుకున్నాను. వంద ఈగలకి రెండు మూడు నల్లులు దాటితే మందు వేయాల్సిందే. మందుల్లేకుండా సహజంగా పెంచుతామనేవాళ్లతో నాకు పేచీ అక్కడే. ఈగలు చస్తే పోయేది వాళ్ల పెట్టె ఒక్కటే కాదు, బలహీనపడ్డ పెట్టెని దోచుకోవడానికొచ్చిన పొరుగు ఈగలు ఆ నల్లుల్నీ ఇంటికి మోసుకుపోతాయి.

ఆగస్టులో వేసిన మందు థైమాల్ జెల్. మూత తీయగానే అమ్మ, "వాము!" అంది. వాముకి ఆ ఘాటునిచ్చేది అదే.

రెండు పెట్టెలెందుకని అడుగుతుంటారు. ఒకదాంట్లో రాణి పోయి గుడ్లు ఆగిపోతే, రెండోదాంట్లోంచి గుడ్లున్న చట్రం ఒకటి తీసి ఇస్తాం. ఆ గుడ్లలోంచే పదహారు రోజుల్లో కొత్త రాణిని చేసుకుంటాయి. ఒక్క పెట్టె ఉన్నవాడు అప్పుడు ఎవరింటికి పోతాడు?