ఫైబర్ వైరులో వెలుతురు ఎంతుందో కూడా రాసుకోండి

ఈరోజు మేత గురించి, కౌంటు రేటు గురించి కాదు, ఇంట్లో ఉండే నెట్ డబ్బా గురించి. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మన నెల్లూరు తీరంలో రొయ్యల గుంటల కాడ కెమెరాలు పెట్టుకున్నోళ్లు చాలామంది ఉండారు. తెల్లవారుజామునే గుంటలో ఆక్సిజన్ బాగా తగ్గేది. ఆ టైములో ఏరియేటర్లు ఆగినాయంటే ఎంతసేపు పడుతుంది పంట పోవడానికి? ఆ కెమెరా మనకు ఇంకో కన్ను. నెట్ పోతే ఆ కన్ను మూసుకున్నట్టే.

ఫైబర్ వైరులో పోయేది కరెంటు కాదు, లేజర్ వెలుతురు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ వైర్లు కరెంటు స్తంభాల మీదుగానే పల్లెలకు వచ్చినాయి. మా ఇంటిది వేరే కనెక్షన్. ఎవరిదైనా పనిచేసే తీరు ఒకటే. ఒక కాలవ నీళ్లు ముప్పై మళ్లకు పారించినట్టు, ఒక పోగులో వచ్చే వెలుతురును స్ప్లిటర్ ముప్పై రెండు ఇళ్లకో, ఇంకా ఎక్కువ ఇళ్లకో పంచుతుంది. చివరి మడికి ఎన్ని నీళ్లు వస్తున్నాయో మనమే చూసుకోవాల.

చూడటం కష్టమేం కాదు. డబ్బా వెనక స్టిక్కరు మీద ఒక అడ్రసు ఉంటుంది, చాలావాటికి 192.168.1.1. ఫోను వైఫైకి కలిపి బ్రౌజర్లో అది కొట్టి, స్టిక్కరు మీది పాస్‌వర్డుతో లోపలికి పోండి. ఆప్టికల్ అనో, పాన్ అనో ఉన్న చోట 'ఆర్ఎక్స్ పవర్' కనపడుతుంది. కొన్నింటికి ఆ పేజీ తాళం వేసి ఉంటారు. అప్పుడు కనెక్షన్ ఇచ్చిన పిల్లోడినే మీటరు పెట్టి చెప్పమనండి.

ఆ అంకె మైనస్‌లో ఉంటుంది. మైనస్ 20 అంటే ఒక మిల్లీవాట్‌లో నూరో వంతు. మైనస్ పక్కన అంకె 3 పెరిగిందంటే వెలుతురు సగానికి పడిపోయినట్టు. ఇళ్లల్లో ఎక్కువగా ఉండే జీపాన్ డబ్బాలకు మైనస్ 8 నుంచి మైనస్ 27 దాకా పనిజరుగుతుంది. 27 దాటితే నెట్ ఊగిసలాట, ఆ తర్వాత ఎర్ర లైటు.

నేను డీఓ, సెలైనిటీ రాసుకునే నోట్‌బుక్కులోనే ఇదీ నెలకోసారి రాస్తాను. వేసవిలో మైనస్ 20.5 ఉన్నది ఆగస్టుకు 22, సెప్టెంబరుకు 24, అక్టోబరు మొదట్లో 26 అయింది. అంటే వేసవిలో వచ్చిన వెలుతురులో మూడో వంతు కూడా రావడంల్యా. లైటు మాత్రం పచ్చగానే వెలగతా ఉంది. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే "పచ్చ లైటు ఉంది గదన్నా, ఇంకేంది?" అన్నాడు. నోట్‌బుక్కు చూపించినాను. ఇంక మాట్లాడకుండా స్తంభమెక్కినాడు. జాయింటు పెట్టెలో తేమ చేరి ఉంది, వైరును టైతో మడత పడేటట్టు బిగించి ఉండారు. మడత తీసి, కొత్తగా అతికితే మైనస్ 20.8కి వచ్చింది. ఇంకో పది రోజులకు ఈశాన్య వానలు మొదలైనాయి. ఆ వానలో స్తంభమెక్కమంటే ఎవరెక్కుతారు?

అదే పేజీలో టెంపరేచర్ కూడా చూడండి. మోటారు షెడ్డు రేకు కింద పెట్టిన డబ్బా 70 డిగ్రీల దగ్గరకు పోతా ఉంటే నీడకూ గాలికీ మార్చండి. వైరును గోడ మూలల్లో మడవొద్దు. కొసను వేలితో ముట్టొద్దు, దుమ్ము చాలు వెలుతురు తగ్గడానికి. ముఖ్యంగా, ఆ కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు. ఆ వెలుతురు కంటికి కనపడదు, కన్ను మాత్రం దెబ్బతినొచ్చు.

ఒక్కరోజు అంకెతో ఏమీ తెలీదు. నాలుగు నెలల అంకెలు పక్కపక్కన ఉంటేనే వైరు ఎటు పోతా ఉందో తెలుస్తుంది. అక్టోబరు రాకముందే ఒకసారి చూసి పెట్టుకోండి.