జాలీ కింద రెండంగుళాల నీళ్లు

హైదరాబాద్ దగ్గర్లోని చందనవెల్లికి ఫ్యాక్టరీలు వచ్చాక చుట్టుపక్కల కిరాయి గదులు లేచాయి. గదికో బాత్రూం. ఒకప్పుడు ఈ ఊళ్లలో స్నానం నీళ్లు జాలారి నుంచి పెరట్లో అరటిచెట్టుకో, బజారు మోరీలోకో పోయేవి. వాసన ఉన్నా ఆరుబయటే పోయేది. ఇప్పుడు బాత్రూం మంచాన్ని ఆనుకొని వచ్చేసింది, దాని పైపు సెప్టిక్ ట్యాంకులోకి పోతోంది. ఆ ట్యాంకుకీ మనం పడుకునే గదికీ మధ్య ఉన్న అడ్డల్లా జాలీ కింద నిలిచే రెండంగుళాల నీళ్లే.

ఆ నీళ్లు నిలిచే వంపుని మేస్త్రీలు నహానీ ట్రాప్ అంటారు. పోసిన నీళ్లన్నీ పోయినా ఆఖరి నీళ్లు వంపులో ఆగుతాయి. వాటిని దాటుకొని గాలి పైకి రాలేదు. కమోడ్‌లో ఎప్పుడూ కనిపించే నీళ్ల పని కూడా ఇదే. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల నిపుణుడు టాయిలెట్ కింది పైపును ఎస్ ఆకారంలో వంచి పేటెంటు తీసుకున్నాడు. రబ్బరు మూతలు అరుగుతాయి, స్ప్రింగులు తుప్పు పడతాయి. నీటికి ఆ బాధ లేదు, వాడిన ప్రతిసారీ కొత్తనీరు వచ్చి పాతదాని చోట నిలుస్తుంది. ఇంత తేలికైన ఉపాయం ఇల్లంతా వెతికినా ఇంకొకటి దొరకదని నా నమ్మకం.

నీటికున్న శత్రువు ఎండ. మొయినాబాద్ వైపు శని, ఆదివారాల్లోనే తెరుచుకునే ఫామ్‌హౌస్‌లు చాలా ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో వాటిని కొన్ని వారాలు మూసి ఉంచితే ట్రాపులు ఎండిపోతాయి. తలుపు తీయగానే గబ్బు. వెంటనే యాసిడ్, ఫినాయిల్, అగరుబత్తి. వాసన వచ్చిందంటే మురికి ఉన్నట్టేనని మనం అనుకుంటాం. శుభ్రంగా కడిగిపెట్టిన బాత్రూం కూడా కంపు కొట్టేది అక్కడ నీళ్లు లేకనే. జాలీలో రెండు చెంబులు పోస్తే చాలు. ఇల్లు ఎక్కువ రోజులు మూయాల్సి వస్తే ఆ నీటి మీద కాస్త వంటనూనె పోసి వెళ్లాలి, అప్పుడు నీళ్లు తొందరగా ఆవిరి కావు.

ఇది ముక్కు మూసుకొని వదిలేసే సంగతి కాదు. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్టుమెంట్లలో మూడు వందల మందికి పైగా సార్స్ సోకింది. ఎండిపోయిన బాత్రూం ట్రాపుల గుండా మురుగుపైపు తుంపరలు ఇళ్లలోకి వచ్చాయని, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వాటిని ఇంకా లాగాయని విచారణలో తేల్చారు.

కిరాయి గదుల్లో సంగతి వేరు. అక్కడ రోజూ నీళ్లు పడతాయి, అయినా వాసనే. ఒక ప్లంబర్ నా ముందే జాలీ ఎత్తాడు. వెంట్రుకలు, సబ్బు జిడ్డు కలిసి నల్లగా చుట్టుకుపోయి ఉన్నాయి. వాటి కింద పైపు నోరు తెరుచుకొని కనిపించింది. దాని మీద బోర్లించి ఉండాల్సిన గిన్నె లేదు. ఈ రకం ట్రాపులో వంపు చేసే పని గిన్నెదే, దాని అంచు నీటిలో మునిగి ఉంటేనే గాలి ఆగుతుంది. “నీళ్లు జల్ది పోతలేవని గిన్నె తీసి పారేస్తరు సార్. ఇగ బొద్దింకలు రాక ఏం జేస్తయి?” అన్నాడు. వారానికోసారి వెంట్రుకలు తీస్తే నీళ్లు వాటంతటవే పోతాయి.

గిన్నె ఉన్నా గుడగుడమని చప్పుడు వస్తుంటే గాలిగొట్టం లేదేమో చూడాలి. పైఅంతస్తులో ఫ్లష్ చేసినప్పుడు దిగే నీటి వేగానికి కింది ట్రాపులోని నీళ్లు కూడా కొట్టుకుపోతాయి. డాబా దాటి పైకి లేచిన ఒక్క పైపు ఉంటే ఈ బాధ ఉండదు. గేటుకీ రంగులకీ వెనకాడని యజమానులు ఈ పైపు దగ్గర పొదుపు చేయడం నాకు చాలా కష్టంగా తోస్తుంది. ఎందుకంటే సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. ట్యాంకుల్లోకి దిగిన కార్మికుల ప్రాణాలు తీసే వాయువు అదే, మోతాదు పెరిగితే ముక్కుకు దాని వాసన కూడా తెలియదు. గదిలోకి వచ్చేది కొద్దిపాటే అయినా, కిరాయి కట్టి దాన్ని పీల్చాల్సిన అవసరం ఎవరికీ లేదు.

గది చూడటానికి వెళ్లినప్పుడు నల్లా తిప్పి చూస్తాం కదా, జాలీ కూడా ఎత్తి చూడండి. గిన్నె లేకపోతే అడ్వాన్సు ఇవ్వకముందే పెట్టించమనండి.