గోడ చెప్పిన సాక్ష్యము

క్రొత్త వస్తువును నమ్ముట యెంత సులభమో, నిరసించుటయు నంత సులభము. ఈ రెంటికిని శ్రమ లేదు. శ్రమ యంతయు పరీక్షించుటలో నున్నది. మనలో పరీక్ష యనగా విద్యార్థి కూర్చుండి వ్రాయునది యని యెంచువారే గాని, పనిముట్టును నిలువబెట్టి ప్రశ్నించుటయు పరీక్షయే యని యెంచువారు తక్కువ. ఈ సంగతిని మేము జల్‌పల్లిలో, పూర్వము మాయొద్ద చదివి యిప్పుడు ఇంజనీరుగా నున్న యొక శిష్యునితో గడపిన కొన్ని ఆదివారములలో నేర్చుకొంటిమి.

జల్‌పల్లి హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపు కొసన, పహాడీ షరీఫునకు చేరువ నున్నది. ఈ ప్రాంతపు చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పారిన నీరు క్రిందిచెరువును చేరవలయును. నడుమ నిండ్లు వెలసినపిమ్మట నీటికి దారి సన్నగిల్లినది. 2020 అక్టోబరు 13వ తేదీని కురిసిన వాన బేగంపేటలో 24 గంటలకు 19 సెంటీమీటర్లు దాటెను. నాలుగు దినములకు బాలాపూరు గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగరు వీధులను ముంచెను. జల్‌పల్లి పరిధిలోని ఉస్మాన్‌నగరులో నీరు నెలల తరబడి నిలిచియుండెను.

ఈ నగరమునకు వరద క్రొత్త గాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొనెను. మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. వారి సలహాపై 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు వెలసినవి. వారికి కంప్యూటరు లేదు. వాన కొలతలను, తెగిన చెరువులను విచారించి లెక్క కట్టిరి. నేడు అదే లెక్కను సాఫ్ట్‌వేరు కట్టుచున్నది. అమెరికా సైన్యపు ఇంజనీర్ల శాఖవారు 1995లో వెలువరించిన హెచ్‌ఈసీ-రాస్ అనునది అందొకటి, ఎవరికైనను ఉచితము. 2016 నాటి కూర్పులో నీరు నేలపై రెండు దిక్కుల పరచుకొనుటను లెక్కించు శక్తి చేరినది. 2021 నాటి కూర్పులో, పడిన వానలో నేల యింకించుకొను భాగమును తీసివేయు శక్తియు చేరినది. ఇట్టి సాఫ్ట్‌వేర్లలో క్రొత్త శక్తులను తొలుత ప్రయోగార్థమని చెప్పి, వాడి చూచి లోపములను తెలుపుడని లోకమున కిచ్చుట వాడుక.

మా శిష్యుడు అట్టి ప్రయోగపు కూర్పు నొకదానిని తెచ్చి, తన యింటి యెగువనున్న చెరువును, 2020 నాటి వానను అందులో దింపెను. తెరపై నీలిరంగు నీరు వీధులలో ప్రాకుచుండగా మేము ముగ్ధులమైతిమి. ప్రక్కనే నిలిచి చూచుచున్న ముసలివాడొకడు, పూర్వము చెరువు తూము కాచిన నీరటి కుటుంబమువాడు, తల యడ్డముగా నూపెను.

“సారూ, చెరువింక నిండనే లేదు. అలుగు వారలే, కట్ట తెగలే. మరి కట్ట అవుతల నీళ్లెట్లొచ్చినయి?”

మే మిరువురము నిరుత్తరులమైతిమి. బొమ్మను చూచితిమే గాని నీటిని చూడలేదు.

“క్రొత్త శక్తిలోనే తప్పున్నది సార్” అని మా శిష్యుడు తొందరపడెను. మేము తర్కశాస్త్రములో చదివిన అన్వయవ్యతిరేకములను జ్ఞాపకము చేసితిమి. ఏది యున్నప్పుడు కార్యముండునో, ఏది లేనప్పుడు కార్యముండదో, అదియే కారణము. కావున తక్కిన సర్వమును కదల్పక, ఆ యొక్క క్రొత్త శక్తిని మాత్రము ఆపి మరల లెక్క కట్టు మంటిమి. అట్లు చేసెను. నీరు అప్పుడును కట్టకవతల కనబడెను! క్రొత్తశక్తి నిర్దోషి. తప్పు మాది. సాఫ్ట్‌వేరు నేలను గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక్కటే నీటిమట్టమును కట్టును. మా గడులు ఇరువది మీటర్లవి. కట్ట తల మూడు మీటర్లు. ఒకే గడి కట్టకు ఇరుప్రక్కల నుండుటచే, లోపలి నీటిమట్టమే వెలుపలి పల్లమునకును పట్టినది. కట్ట తలవెంట గీత గీసి, గడుల అంచులను దానిపై నిలిపినంతట నీరు కట్టలోపలనే నిలిచెను.

అటుపిమ్మట లెక్కను వీధితో పోల్చితిమి. 2020 నాటి బురదగీత లింకను కొన్ని గోడలపై నున్నవి. టేపు పట్టి పండ్రెండు ఇండ్ల గోడలు కొలిచితిమి. లెక్క చూపిన నీరు గీతలకంటె జానెడు తక్కువ. వారము గడచిన పిదప శిష్యుడు సంతోషముతో వచ్చి, “ఇప్పుడు అన్నీ సరిపోయినవి సార్” అనెను. ఏమి చేసితి వని అడిగితిమి. నేల యింకించుకొను నీటి సంఖ్యను కొంచెము కొంచెముగ తగ్గించుచు, లెక్క గీతలను ముట్టువరకు జరిపితి ననెను.

మాకు సిగ్గు కలిగెను. వానిపై గాదు, మాపై. పుస్తకము చివర నచ్చువేసిన జవాబును ముందు చూచి, నడుమ మెట్లను దానికి తగినట్లు వంచిన బాలునికి పూర్తి మార్కులు వేసిన వారము మేమే గదా! నేర్పినది మేము, నేర్చినది వాడు.

సంఖ్యను సవరించుట తప్పు గాదు. సవరించిన గోడలనే సాక్ష్యమునకు పిలుచుట తప్పు. పండ్రెండు గోడలను రెండుగా పంచితిమి. ఆరిటిని చూచి సంఖ్యను నిర్ణయించి, తక్కిన యారిటిని చివరవరకు ముట్టకుంటిమి. లెక్క ముగిసినపిమ్మట వానితో పోల్చితిమి. నాలుగు గోడలు ఒప్పుకొన్నవి. నాలాకు సమీపమున నున్న రెండు గోడలు ఒప్పుకొనలేదు. గీతలు లెక్కకంటె మూరెడు పైన నున్నవి. నాలా చెత్తతో పూడియుండెనని వీధివారు చెప్పిరి. మా లెక్కలో నాలా శుభ్రముగ పారుచుండెను! ఆ సంగతి నేల సంఖ్యలో నెట్లు తెలియగలదు?

ఆ రెండిండ్లలో నొకటి మా శిష్యుని తల్లిది. ఆమె పాత యిల్లు పడగొట్టి క్రొత్త పునాది వేయనుండెను. అరుగు ఎంత ఎత్తు కట్టవలెనో కంప్యూటరు చెప్పునని కొడుకును నమ్మియుండెను. మొదటి పటమును నమ్మి కట్టియుండినయెడల ఆమె గడప మూరెడు నీటిలో నుండెడిది. పటమును ప్రక్కన బెట్టి, గీతకు పైన మరియొక మూర చేర్చి కట్టుకొమ్మంటిమి. “ఇదేందో నాకు ముందే ఎరుకనే కద సారూ, ఆ గీత నేను రోజూ తుడుస్తనే ఉన్న!” అని ఆమె నవ్వెను.

చదువరులు మమ్ము అపార్థము చేసికొనరాదు. మేము క్రొత్త సాధనమును నిందించుట లేదు. గోడగీత జరిగిపోయిన వానను మాత్రమే చెప్పును; రాబోవు వానను, నాలా వెడల్పు చేసిన కలుగు మేలును లెక్కయే చెప్పవలయును. కాని ఆ లెక్క సాక్ష్యమున కోర్చినదై యుండవలెను. పురపాలకులు రంగుల పటమును చూపినప్పుడు పౌరులు మూడు ప్రశ్నలడుగవలయును. ఏ గోడలతో పోల్చితిరి? వానిలో మీరు ముందు చూడనివి యెన్ని? ఒప్పుకొనని వానిని పటముపై చూపితిరా?

మా శిష్యుడు తన పటముపై ఆ రెండిండ్ల చోట ఎర్రని చుక్కలు పెట్టి, “ఇక్కడ లెక్క తప్పినది” అని వ్రాసెను. క్రొత్తశక్తిని గూర్చి తాను చూచినదంతయు, కట్టవద్ద తాను చేసిన పొరపాటుతో సహా, ఆ సాఫ్ట్‌వేరు చేయువారికి వ్రాసి పంపెను. మేమును ఈ సంవత్సరమునుండి తరగతిలో జవాబులున్న చివరి పుటలను కుట్టివేయుచున్నాము.