మువ్వ మెడలో తాడు

భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట మా పాత ఆమ్నీ వ్యాన్ ఆగింది. వెనక సీటు తీసేసి పరిచిన గోనెపట్టా మీదినుంచి మువ్వ ఒక్క దూకు దూకింది. మూడేళ్ల ఊరకుక్క, సముద్రాన్ని చూడటం అదే మొదలు. దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగడంతో దాని తెల్లటి కాళ్లు అప్పటికే ఎర్రబడ్డాయి. అల వెనక్కి పోతుంటే తరిమింది, తిరిగొస్తుంటే నా కాళ్ల మధ్య దూరింది.

ఫిబ్రవరి మొదటి వారం. విశాఖ నుంచి పాతిక కిలోమీటర్లే వచ్చాం, ఇంకా బారువ దాకా పోవాలి.

భీమిలిని విశాఖ శివారు అనేస్తారు గానీ, 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది. 17వ శతాబ్దంలో వర్తకానికి వచ్చిన డచ్చివాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. బొర్రా గుహల్ని తొలిచిన గోస్తనీ ఇక్కడికొచ్చేసరికి అడుగులోతు నీళ్లతో ఇసుకమీద పరుచుకుంటుంది.

కళింగపట్నంలో లైట్‌హౌస్ కంటే ముందు ఎండుచేపల వాసన పలకరించింది. వంశధార మొగ పక్కన ఇసుక మీద నెత్తళ్లు ఎండబెడుతున్న ఒకామె, "కుక్కని కట్టీ బావూ, సేపలు తినేస్తాది" అంది. కట్టేశాక తనే రెండు చేపలు తెచ్చి మువ్వ ముందు పడేసింది.

తేలినీలాపురంలో మువ్వను వ్యాన్ దింపలేదు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుకుంటున్నాయి. ఆ పక్షులు వస్తేనే ఊరికి మేలని అక్కడివాళ్ల నమ్మకం.

మహేంద్రతనయ సముద్రంలో కలిసే బారువకు చీకటిపడే వేళకు చేరాం. ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన, "రాత్రి కుక్కని ఒగ్గీకండి బావూ, తాబేళ్లు గుడ్లెట్టే కాలం" అన్నాడు. వ్యాన్ లైట్లు కూడా ఆర్పమన్నాడు. వెలుతురుంటే ఒడ్డెక్కబోయే తల్లి బెదిరి వెనక్కి మళ్లుతుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలైతే సముద్రపు మెరుపు అనుకుని దీపాల వైపు నడుస్తాయి.

ఆలివ్ రిడ్లీ తాబేలు వెనక కాళ్లతో గొయ్యి తీసి నూరుకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. పిల్లలు బయటపడటానికి 45 నుంచి 60 రోజులు. అంతకాలం ఆ గొయ్యిని కాచేవాళ్లుండరు. కుక్కలు, నక్కలు వాసన పట్టి తవ్వేస్తాయి. అందుకే తెల్లారకముందే మనుషులు తిరిగి గుడ్లు ఏరి, కంచె కట్టిన చోట మళ్లీ పాతిపెడతారు. ఇసుక వేడిని బట్టే పుట్టేది ఆడో మగో తేలుతుందట. ఆ మాట విన్నాక ఇసుకను తాకి చూడకుండా ఉండలేకపోయాను.

మర్నాడు తెల్లవారుజామున గుడ్లు ఏరే ఇద్దరి వెనకే నడిచాం. ముందుగా ఎదురైంది చచ్చిన తాబేలు. ఊపిరికోసం నీటిపైకి రావాల్సిన ప్రాణి అది. బోట్లు ఈడ్చే వలల్లో చిక్కితే అందులోనే ఊపిరాడక పోతుంది. మువ్వ దాన్ని దూరం నుంచే చూసి తోక దించేసింది.

ఇంకొంచెం ముందుకెళ్తే ట్రాక్టరు టైరు అచ్చులాంటి జాడ, ఒడ్డెక్కి మళ్లీ నీళ్లలోకి దిగిపోయింది. గొయ్యి ఎక్కడో పైకి తెలియలేదు. కర్రతో ఒకాయన మెల్లగా పొడిచి చూస్తున్నాడు. మువ్వ ముక్కు ఇసుకకు ఆనించి, జాడకు రెండడుగుల పక్కన ఆగిపోయింది. ముందుకాలు ఎత్తింది. తాడు లాగి పట్టుకున్నాను. ఆయన అక్కడే పొడిచాడు. కర్ర సులువుగా దిగింది.

మోకాళ్ల మీద కూర్చుని ఇద్దరూ చేతులతో ఇసుక తోడారు. ఒక్కొక్క గుడ్డే బకెట్లోకి చేరుతోంది. లెక్క వంద దాటింది. తాడు నా చేతికి రెండు చుట్లు తిప్పుకుని ఉన్నాను. మువ్వ చెవులు నిక్కబొడుచుకుని, బకెట్ కేసే చూస్తూ కూర్చుంది.