పోరడు

మెతుకుసీమలో పుట్టి, మెదక్ పట్టణంలోనే పాఠాలు చెప్పుకొంటున్న నాకు, ప్రాచీన కావ్యాలపై పరిశోధన చేశానన్న గర్వం ఒకప్పుడు కొంత ఎక్కువగానే ఉండేది. ఆ గర్వంతోనే ఒక విద్యార్థి రాసిన 'మా ఇల్లు' వ్యాసంలో 'పోరడు' అన్న మాట చుట్టూ ఎర్రసిరాతో సున్న చుట్టాను. పైన 'బాలుడు' అని దిద్ది, పక్కన 'గ్రామ్యం' అని రాసి, ఒక మార్కు తగ్గించాను.

ఆ అబ్బాయి కాగితం పట్టుకొని వచ్చి మెల్లగా అన్నాడు: "మా తమ్ముణ్ణి మా అవ్వ ఎన్నడూ బాలుడా అని పిలువలే సార్!"

నాకు సమాధానం తోచలేదు. పొలం నుంచి వచ్చి కాళ్లైనా కడుక్కోకముందే "పోరడు తిన్నడా?" అని మా అవ్వ అడిగింది నన్ను గురించే కదా!

ఆ రాత్రి పిల్లల పేర్లన్నీ మనసులో మెదిలాయి. పోతన భాగవతంలో హిరణ్యకశిపుడు కన్నకొడుకును కోపంతో 'డింభక' అంటాడు. సంస్కృతపదం గనుక దానిని కావ్యభాష అన్నాము. మన పోరడికి ఆ గౌరవం దక్కలేదు. నిజానికి వాడు ఒంటరివాడు కాడు. మరాఠీలో 'పోర్', కన్నడంలో 'పోర' వాడి చుట్టాలే. 1956 వరకు ఆ భాషల వారిలో ఎందరో మనతోపాటు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నవారే. శ్రీకాకుళంలో గుంటడు, గోదావరి తీరాన బుల్లోడు. ముళ్లపూడి వెంకటరమణ గారి బుడుగు సంగతి చెప్పనే అక్కరలేదు.

'బిడ్డ' మరీ చిత్రమైనది. కోస్తాలో ఆడైనా మగైనా బిడ్డే. మన ఊళ్లలో బిడ్డ అంటే కూతురు. "నాకు బిడ్డ లేదు సార్, ఇద్దరు కొడుకులే" అని ఒక తల్లి చెప్పినప్పుడు, కొత్తగా వచ్చిన మా సహోద్యోగి తెల్లబోయాడు. పిలిచేటప్పుడు మాత్రం కొడుకునూ 'బిడ్డా' అంటాము! ఇక 'పిలగాడు' పెండ్లిపందిట్లో వరుడవుతాడు.

అయితే ఈ మాటలకు పదును కూడా ఉంది. నాయనమ్మ నోట 'పోరీ' ముద్దుమాట. వీధిలో ముక్కూముఖం తెలియనివాడు అంటే అది అవమానమే.

మరునాడు ఆ కాగితం అడిగి తీసుకొన్నాను. 'గ్రామ్యం' కొట్టివేసి, తగ్గించిన మార్కు కలిపాను. అబ్బాయి దానిని నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకొన్నాడు.

"ఇయ్యాల మా అవ్వకు సదివి ఇనిపిస్త సార్" అన్నాడు.